ఒక సెమిస్టర్ పరాయి దేశంలో: శ్రోతల ప్రశ్నలు, సమాధానాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. నెల్లూరు నుంచి ప్రసారమవుతున్న ఈ ఫోన్-ఇన్ కార్యక్రమంలో ఈ వారం విషయం ఎక్స్ఛేంజి చదువు, అంటే ఇక్కడి కాలేజీలో చదువుతూనే ఒకటి రెండు సెమిస్టర్లు విదేశీ విశ్వవిద్యాలయంలో చదివి తిరిగి రావడం. స్టూడియోలో ఉన్న మేడమ్ విద్యార్థినిగా జర్మనీలో ఒక సెమిస్టర్ చదివారు, తరువాత అధ్యాపకురాలిగా చాలామంది పిల్లలను పంపించారు. మొదటి ఫోను కోవూరు నుంచి.

కోవూరు శ్రోత: నమస్కారం మేడమ్. మా పాప ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. జర్మనీలో ఒక సెమిస్టర్ చదివే అవకాశం వచ్చింది. మా ఇంట్లో ఆ పిల్ల పొయ్యి వెలిగించి ఎరగదు, బ్యాంకు పని కూడా నేనే చేసిపెడతాను. ఫీజు రెండు చోట్లా కట్టాలేమో, ఇక్కడి సెమిస్టర్ పోతుందేమో అని ఒక భయం, అసలు ఎలా బతుకుతుందో అని ఇంకొక భయం.

సలహాదారు: ముందు ఫీజు సంగతి చెబుతానండీ. రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఎక్స్ఛేంజి ఒప్పందం ఉన్నప్పుడు ఫీజు మామూలుగా ఇక్కడే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు అడగరు. విమానం టికెట్టు, గది అద్దె, ఆరోగ్య బీమా, తిండి మాత్రం మీ ఖర్చే. 1987లో యూరప్ దేశాల మధ్య మొదలైన ఎరాస్మస్ పథకం ఇప్పుడు ఎరాస్మస్ ప్లస్ పేరుతో బయటి దేశాలకూ విస్తరించింది కాబట్టి, మీ కాలేజీకి ఆ పథకం కింద ఒప్పందం ఉందేమో కనుక్కోండి. ఉండి, పాప ఎంపికైతే ప్రయాణపు ఖర్చుకు, నెల ఖర్చుకు కొంత సాయం అందుతుంది.

సెమిస్టర్ పోకుండా ఉండాలంటే ఒక కాగితం కావాలి. యూరప్ లెక్కలో ఏడాది చదువుకు 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30, అవి ఇక్కడ చెల్లాలి. అక్కడ చదివే ఏ సబ్జెక్టు ఇక్కడి ఏ సబ్జెక్టుకు బదులుగా చెల్లుతుందో రాసి, విద్యార్థి, ఇక్కడి కాలేజీ, అక్కడి విశ్వవిద్యాలయం ముగ్గురూ సంతకాలు చేసే ఆ పత్రాన్ని లెర్నింగ్ అగ్రిమెంటు అంటారు. అది విమానం ఎక్కకముందే చేతిలో ఉండాలి. నేను వెళ్లినప్పుడు ఒక సబ్జెక్టు గురించి ‘వచ్చాక చూద్దాంలే’ అన్న మాట నమ్మి వెళ్లాను. వచ్చాక ఎవరూ చూడలేదు, ఆ పరీక్ష బ్యాక్‌లాగ్ కింద మళ్లీ రాశాను. ఇంకొక మాట, జర్మనీలో 1.0 అన్నిటికంటే మంచి గ్రేడు, 5.0 అంటే తప్పినట్టు. మా విద్యార్థి ఒకడు 1.3 తెచ్చుకుంటే వాళ్ల నాన్న రెండు రోజులు మాట్లాడలేదు.

కోవూరు శ్రోత: మరి వంట సంగతి మేడమ్?

సలహాదారు: వంట నెల రోజుల్లో వస్తుందండీ, ఆకలే నేర్పుతుంది. అంత తొందరగా రానిది అడగడం. నేను శనివారం రాత్రి హాస్టలుకు చేరాను, మరునాడు బియ్యం కొనుక్కుందామనుకున్నాను. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయని నాకు తెలియదు. పెట్టెలో అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి తప్ప ఇంకేమీ లేదు. వసారా చివర అందరికీ కలిపి ఒకటే వంటగది, అందులో ఫ్రిజ్‌లో ఒక్కొక్క అర మీద ఒక్కొక్కరి పేరు. ఎదురు గది తలుపు ముందు నిలబడి, చెప్పవలసిన వాక్యాన్ని మనసులో పదిసార్లు అనుకుని, రెండుసార్లు వెనక్కి వెళ్లి, మూడోసారి తట్టాను. ఆ అమ్మాయి నా మాట పూర్తి కాకముందే సగం పొట్లం పాస్తా తెచ్చి చేతిలో పెట్టింది. మా ఇంట్లో నాకు కావలసింది నేను అడగకముందే కంచంలోకి వచ్చేది, అందువల్ల ఇరవై ఏళ్లు వచ్చినా అడగడం నాకు చేతకాలేదని ఆ రోజే తెలిసింది. ఆ సెమిస్టర్‌లో నేను చదివిన పాఠాలు చాలావరకు మరిచిపోయాను గానీ ఆ తలుపు మరిచిపోలేదు.

కాబట్టి ఇప్పటి నుంచే బ్యాంకు పని, వీసా కాగితాలు పాపనే చేసుకోనివ్వండి. మీరు పక్కన కూర్చోండి, పెన్ను మాత్రం పట్టుకోకండి. చలికాలంలో జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. మీరు పొద్దున ఆరింటికి కాఫీ తాగుతూ ఫోను చేస్తే అక్కడ రాత్రి ఒకటిన్నర. రోజుకు ఒక్క ఫోను చాలండీ, అది కూడా తననే చేయనివ్వండి.

వ్యాఖ్యాత: తరువాతి ఫోను ఒంగోలు నుంచి.

ఒంగోలు శ్రోత: మేడమ్, మా కాలేజీ నుంచి ఐదుగురం ఒకే ఊరికి వెళుతున్నాము. అందరం కలిసి ఒకే ఇల్లు తీసుకుంటే అద్దె, వంట కలిసి వస్తాయని అనుకుంటున్నాము.

సలహాదారు: డబ్బు కలిసి వస్తుంది నాయనా, కాదనను. కానీ ఐదుగురు ఒంగోలు వాళ్లు ఉన్న ఇల్లు ఎక్కడున్నా ఒంగోలే. వేరువేరు గదులు తీసుకోండి, పండుగకూ జ్వరానికీ కలుసుకోండి. క్లాసులో వెనుక బెంచీ మీద వరుసగా కూర్చోకండి. మన దగ్గర నోరెత్తని పిల్లవాడిని బుద్ధిమంతుడంటారు, అక్కడి సెమినార్లలో మాట్లాడనివాడు చదవకుండా వచ్చాడనుకుంటారు. అన్నట్టు, మొదటి ఉపన్యాసం అయిపోగానే అందరూ పిడికిళ్లతో బల్లల మీద తడతారు. నేను గొడవ మొదలైందని పుస్తకాలు సర్దుకున్నాను. అది వాళ్ల చప్పట్లు.

వ్యాఖ్యాత: ఇప్పుడు కందుకూరు నుంచి ఒక సోదరి మాట్లాడుతున్నారు.

కందుకూరు శ్రోత: మేడమ్, నేను ఒక సెమిస్టర్ చదివి తిరిగి వచ్చి రెండు నెలలైంది. అక్కడ ఉన్నప్పుడు ఇంటి మీద బెంగ, ఇక్కడికి వచ్చాక ప్రతిదానికీ చిరాకు. బస్సు ఆలస్యమైనా, గదిలోకి ఎవరైనా చెప్పకుండా వచ్చినా కోపం వస్తోంది. ‘ఆరు నెలలకే ఇంత మారిపోయావా’ అని మా పిన్ని అంటోంది. ఎదగడమంటే ఇదేనా?

సలహాదారు: ఇది నీ ఒక్కదాని సంగతి కాదమ్మా. 1955లో లిస్‌గార్డ్ అనే నార్వే సామాజిక శాస్త్రవేత్త, ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వ ఉపకార వేతనంతో అక్కడికి వెళ్లివచ్చిన తన దేశస్థులు రెండు వందల మందిని విచారించాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు, ఏడాదిన్నర దాటి ఉన్నవాళ్లు బాగానే కుదురుకున్నామన్నారు, ఆ మధ్యకాలం ఉన్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది చెప్పారు. ఒక్క సెమిస్టర్‌కు వెళ్లినవాళ్లు కొత్త మోజు తీరకముందే విమానం ఎక్కేస్తారు, అందుకే అక్కడిదంతా బంగారంలా కనిపిస్తుంది. ఇంకో ఏడాది ఉంటే అక్కడి బస్సుల మీద కూడా నీకు కోపం వచ్చేదేమో. 1963లో గులహార్న్ దంపతులు అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు, ఇంటికి తిరిగి వచ్చినప్పుడు కూడా మనసు ఇంకొకసారి అలాగే కుంగి లేస్తుందని రాశారు. ‘అక్కడ ఇలా ఉండేది కాదు’ అన్న మాటను కొన్నాళ్లు నోట్లోనే ఉంచుకో. గది తలుపు సంగతి మాత్రం పిన్నికి నెమ్మదిగా చెప్పు, అది న్యాయమైన కోరికే. నీవు చూసిన దాని గురించి వినాలని ఎవరికైనా ఉందా?

కందుకూరు శ్రోత: ఇంట్లో ఎవరికీ లేదు మేడమ్. కానీ నేను వెళ్లకముందు మొహర్రం రోజుల్లో మా అమ్మ నాకు ఈ చదువు దొరకాలని కోరుకుని నెల్లూరు స్వర్ణాల చెరువులో చదువు రొట్టె పట్టుకుంది. కోరిక తీరింది కాబట్టి ఈసారి రొట్టెల పండుగకు వెళ్లి మేమే ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. నన్నూ రమ్మంటోంది.

సలహాదారు: తప్పకుండా వెళ్లమ్మా. ఆ నీళ్లలో నిలబడి నీ చేతి రొట్టె కోసం చెయ్యి చాచే అమ్మాయి నీలాగే చదువుకోసం ఎదురుచూస్తున్నదే అయి ఉంటుంది. నీ మాటలు వినే మనిషి ఆమె.

కందుకూరు శ్రోత: సరే మేడమ్. రొట్టె చేతిలో పెట్టి, ముందు ఆ అగ్రిమెంటు కాగితం సంగతి చెబుతాను. నాకు కూడా రెండు సబ్జెక్టులు ఇంకా చెల్లలేదు.