ఎడమ డొక్కలో నొప్పి వస్తే

అందరికీ నమస్కారం. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి రక్త క్యాన్సర్ వైద్యానికి చెన్నై వచ్చిపోయే కుటుంబాలు ఈ హాల్లో చాలా ఉన్నాయి. అందుకే ఇవాళ ఒక్క సంగతే మాట్లాడతాను. అరుదే, కానీ వస్తే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. దెబ్బేమీ తగలకుండానే ప్లీహం, అంటే స్ప్లీన్, పగలడం.

ప్లీహం ఎడమవైపు పక్కటెముకల చాటున ఉంటుంది. మామూలుగా 150 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, చేతికి తగలదు. ల్యుకేమియా, లింఫోమా, మైలోఫైబ్రోసిస్ లాంటి రక్త క్యాన్సర్లు ఉన్నవాళ్ళలో క్యాన్సర్ కణాలు చేరి పెరుగుతుంది. కొందరిలో బొడ్డు దాకా దిగుతుంది. మన పెద్దవాళ్ళు కడుపులో బల్ల అనేది దీన్నే. పైపొర సాగిపోతుంది, లోపల అక్కడక్కడా రక్తం అందక కండ చచ్చిపోతుంది. దానికి తోడు రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తక్కువ. అలాంటప్పుడు గట్టిగా దగ్గినా, ఒక్కోసారి ఏమీ చేయకపోయినా, పొర చిరిగి కడుపులోకి రక్తం కారుతుంది. జబ్బు ఉందని అప్పటిదాకా తెలియనివాళ్ళలో ఇదే మొదటి గుర్తు కావచ్చు.

నొప్పి ఎడమ డొక్కలో మొదలవుతుంది. కొందరికి ఎడమ భుజం కొసన కూడా తెలుస్తుంది. కారిన రక్తం ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండర పొరను, అంటే డయాఫ్రమ్‌ను, రేపుతుంది, దాని నరం మెడ దగ్గర నుంచి వస్తుంది కాబట్టి. తల తిరుగుతుంది, చల్లటి చెమట పడుతుంది, ముఖం పాలిపోతుంది. దయచేసి గ్యాస్ అని సోడా తాగించకండి. ఆముదం రాసి పొట్ట రుద్దకండి. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేయకండి, ప్లేట్‌లెట్ల పనిని అవి ఇంకా తగ్గిస్తాయి. మా డాక్టరుగారు చెన్నైలో ఉన్నారు, తెల్లారి రైలుకు పోదాం అనుకోకండి. 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ చేసే, రక్తం ఎక్కించే ఏర్పాటున్న దగ్గరి ఆసుపత్రికి చేరండి.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టే మాట. రోగికి జబ్బు పేరు దాచే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. ప్రేమతోనే దాస్తారు. కానీ రాత్రిపూట ఒంటరిగా క్యాజువాల్టీకి చేరిన మనిషి కడుపునొప్పి అని మాత్రమే చెప్పగలిగితే, అక్కడి డాక్టరుకు ప్లీహం ఎందుకు గుర్తొస్తుంది? 'బ్లడ్ క్యాన్సర్ ఉంది, ప్లీహం పెరిగింది' అని తన నోటితో తాను చెబితే, వెంటనే కడుపుకు అల్ట్రాసౌండ్ చేస్తారు. మీ మనిషికి చెప్పండి. వాడే మందుల చీటీ, చివరి రక్తపరీక్ష రిపోర్టు జేబులో ఉండనివ్వండి.

వైద్యం సంగతి క్లుప్తంగా చెబుతాను. రక్తం ఎక్కిస్తారు. నిలకడగా ఉంటే కొందరిలో ప్లీహానికి వెళ్ళే ధమనిని గొట్టం ద్వారా మూసేస్తారు, లేదంటే ప్లీహం తీసేస్తారు. ప్లీహం లేకపోతే కొన్ని సూక్ష్మక్రిములను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది, అందుకే తీసేసినవాళ్ళకు న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ అనే బ్యాక్టీరియాల టీకాలు తప్పనిసరి. అత్యవసర ఆపరేషన్ అయితే మామూలుగా 2 వారాల తర్వాత వేస్తారు, కీమో నడుస్తుంటే మీ డాక్టరు రోజు చెబుతారు. ఆ తర్వాత జీవితాంతం, జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పొద్దున చూద్దాం అనకండి, అప్పుడే బయల్దేరండి.

ఇప్పుడు మీరు అడగండి, చెబుతాను.