పిల్లల పళ్ళ కాటు (పై, కింది పళ్ళు కలిసే తీరు): ఆగకూడనిది ఏది, ఆగి చూడదగినది ఏది?

నమస్కారం. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా, క్లిప్పుల సంగతి పన్నెండేళ్ళు నిండాక చూద్దాంలే అనే మాట అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాల ఓపీ వరుసలోనూ, కూకట్‌పల్లి క్లినిక్కుల్లోనూ వినబడుతూనే ఉంటుంది. చాలామంది పిల్లల విషయంలో ఆ మాట నిజమే. కొన్ని లోపాలు మాత్రం అంతవరకు ఆగవు. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం మొదటి పరీక్షను 7 ఏళ్ళలోపే చేయించమనడానికి కారణం, అప్పటికి మొదటి శాశ్వత దవడపళ్ళు, కొన్ని ముందుపళ్ళు వచ్చి కాటు తీరు తెలిసిపోవడమే.

బిడ్డను కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, నాలుక కొనను అంగిలి వెనుకకు ఆనించి మెల్లగా నోరు మూయమనండి. పళ్ళు మొదట ఎక్కడ తగిలాయో, ఆ తరువాత గట్టిగా కరిచినప్పుడు గడ్డం ఏ పక్కకైనా జరుగుతోందో గమనించండి. మామూలుగా పై వరుస కింది వరుసను డబ్బా మూతలా బయటి నుంచి కప్పుతుంది. అలా కాక, ఒక పక్క పై పళ్ళు కింది పళ్ళకు లోపలగా పడితే అది క్రాస్‌బైట్. దానితోపాటు గడ్డం కూడా జరుగుతుంటే, ఎదిగే దవడ ఆ వంకరలోనే స్థిరపడే ప్రమాదం ఉంది కనుక ఆలస్యం చేయకండి.

అంగిలి మధ్యనున్న ఎముక అతుకు ఈ వయసులో ఇంకా గట్టిపడదు కాబట్టి, క్రాస్‌బైట్‌ను సరిచేయడానికి ఎక్స్‌పాండర్ అనే పరికరాన్ని అంగిలికి అమర్చి దాని స్క్రూను డాక్టరు చెప్పిన లెక్కన తిప్పుతూ ఉంటే పై దవడ వెడల్పవుతుంది. ఒక్కో తిప్పుకు సాధారణంగా 0.25 మిల్లీమీటరు. జారినా గొంతులోకి పోకుండా, స్క్రూ తిప్పే కీకి కట్టిన దారాన్ని వేలికి చుట్టుకుని, కీని ముందు నుంచి వెనక్కి తోయాలి. కొద్ది రోజుల్లో పై ముందుపళ్ళ మధ్య సందు కనబడితే కంగారు పడకండి, దవడ విచ్చుకుంటోందనడానికి అదే గుర్తు. అంగిలి అతుకు విచ్చుకున్న ఖాళీలో కొత్త ఎముక పూడేదాకా పరికరాన్ని కొన్ని నెలలు నోట్లోనే ఉంచుతారు.

పై దవడ ఎదుగుదల తగ్గి కింది పళ్ళు ముందుకు వచ్చినట్లుంటే, ముఖానికి తగిలించి పై దవడను ముందుకు లాగే ఫేస్ మాస్క్ అనే పరికరం దాదాపు 10 ఏళ్ళలోపే బాగా పనిచేస్తుంది.

ఎత్తుపళ్ళు సాధారణంగా ఆగగలవు. ఆటల్లో దెబ్బ తగిలి విరిగేంతగా ముందుకు పొడుచుకు వస్తే మాత్రం ముందే చూపించడం మేలు. ఎనిమిదేళ్ళ పిల్లల పై ముందుపళ్ళ మధ్య సందు, కోరపళ్ళు దిగేసరికి చాలావరకు తనంతట తానే మూసుకుంటుంది. దాన్ని దగ్గర చేయాలని ఇంట్లో రబ్బరుబ్యాండు మాత్రం వేయకండి: అది చిగురు కిందికి జారి, పళ్ళ వేర్ల చుట్టూ ఎముకను తినేసి, గట్టి పళ్ళనే ఊడగొట్టగలదు.