ప్రార్థన అయ్యాక రానివ్వండి

వేదిక మీదున్న ఎంఈఓ గారికి, కాంప్లెక్స్ హెచ్చెం గారికి, సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పే భవిత కేంద్రం టీచర్‌ని కదా, హాజరు పెంచడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నన్ను భోజనాలకు ముందు వేశారు కాబట్టి తొందరగానే కానిస్తాను.

బడి ఎగ్గొట్టేవాడు ఇంట్లో చెప్పకుండా చెరువుగట్టుకు పోతాడు. ఆటిజం పిల్లల్లో బడికి రాలేనివాడు అమ్మ కళ్లెదుటే ఉంటాడు. ఆదివారం సాయంత్రానికే కడుపునొప్పి అంటాడు. డాక్టరు చూస్తే ఏమీ కనపడదు, నొప్పి మాత్రం నిజం. భయం ఒంట్లోకి దిగితే అంతే.

మూడో తరగతి బాబు ఒకడున్నాడు. యూనిఫాం వేసుకుని, బ్యాగు తగిలించుకుని గేటు దాకా వస్తాడు. అక్కడ ఊచలు పట్టుకున్నాడంటే ఇద్దరు లాగినా కదలడు. మొండి అన్నారు, గారాబం అన్నారు. ఓ పొద్దున నేనూ అక్కడే నిలబడి చూశాను. వేపకొమ్మకు కట్టిన రైలుపట్టా ముక్క మీద అటెండరు కొట్టగానే వాడు చెవులు మూసుకుని గోడవైపు తిరిగిపోయాడు. ఆ వెంటనే మైకు కీచుమంది. మనం రోజూ వినే గంటే. వాడికి చెవిలో మేకు దిగినట్టుంటుంది.

ప్రార్థన అయ్యాక రానిద్దామన్నాను. "హాజరు యాప్‌లో ఎక్కించాలి మేడమ్, లేటైతే ఎలా?" అన్నారు. అక్కడితో ఊరుకోలేదు. "ఇలాంటివాళ్లకు వేరే స్కూళ్లుంటాయమ్మా" అని తల్లితో అన్నారు. కూలికి పోయే మనిషి, ఆ మాటకు మాన్పించేసింది. నా కోపం ఇంకా తగ్గలేదు, ఏమనుకోకండి.

వెనకున్న సార్లూ, ఫోన్లు ఒక్క నిమిషం పక్కన పెట్టండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వివక్ష లేకుండా చేర్చుకోవాలని, పిల్లవాడికి తగ్గట్టు సర్దుబాట్లు చేయాలని 16వ సెక్షన్ చెబుతోంది. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉంటే, 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడా, ప్రత్యేక బడా అని ఎంచుకునే హక్కు 31వ సెక్షన్ వాడికే ఇచ్చింది. వేరే స్కూలు చూసుకోమనడానికి మనమెవరం?

ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక టీచరుండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ ఊళ్లన్నీ నేనే తిరుగుతున్నాను. సరే, అది ఇంకో మీటింగులో... ఆ మీటింగు ఎప్పుడూ పెట్టరనుకోండి.

తీర్మానాల రిజిస్టరు ఎవరి దగ్గరుంది? రాయండి సార్. అవసరమైన పిల్లలు ప్రార్థన అయ్యాక రావచ్చు, ఆ రోజుకు హాజరు వేయాలి. కింద హెచ్చెంల సంతకాలు. భోజనాలకు లేవకముందే పెట్టించండి.