మంత్రిగారు సంతకం పెట్టారు, మరి ఉత్తర్వు ఏది?

నమస్కారం. నా వెనుక కనిపిస్తున్నది బెంగళూరు విధానసౌధ. మన తెలుగువారిలో కొందరు వినతిపత్రంతో ఇక్కడికి వచ్చి, దాని మీద మంత్రిగారి చేత "తగు చర్య తీసుకోండి" అని రాయించుకొని, పని పూర్తయినట్టే ఆ కాగితాన్ని ఫొటో తీసి బంధువులందరికీ పంపిస్తూ ఉంటారు. అది చూసినప్పుడల్లా నాకు చిరాకు కలుగుతుంది. మంత్రి రాసిన రాత ప్రభుత్వ ఉత్తర్వు కాదు.

1962లో సుప్రీంకోర్టు తేల్చిన విషయమిది. పెప్సూ అనే పాత రాష్ట్రంలో డిస్మిస్ అయిన ఒక ఉద్యోగి అప్పీలు చేసుకోగా, రెవెన్యూ మంత్రి కనికరించి, కింది పోస్టుకు దించితే చాలునని ఫైలులో రాశారు. అది ఉత్తర్వుగా వెలువడకముందే, 1956లో పెప్సూ పంజాబులో విలీనమైంది. ఫైలు పంజాబు ముఖ్యమంత్రి వద్దకు చేరింది, ఆయన డిస్మిసల్‌నే ఖాయం చేశారు. పాత మంత్రి రాతను ఉద్యోగి కోర్టులో చూపించారు. రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం గవర్నర్ పేరిట వెలువడి, సంబంధిత వ్యక్తికి అందేవరకు అది ఉత్తర్వు కాదని, ఆలోగా మంత్రి మనసు మార్చుకోవచ్చునని కోర్టు చెప్పింది.

ఆ పెప్సూ ఫైలును దృష్టిలో ఉంచుకుంటే మంత్రి పేషీ ఎందుకు ఉందో అర్థమవుతుంది. రాసిన మాట ఉత్తర్వుగా మారిందా, సచివాలయంలో ఏ విభాగంలో ఆగిందని రోజూ ఆరా తీసే వ్యక్తిగత కార్యదర్శి లేకపోతే, ఎంత మంచి నిర్ణయమైనా పెప్సూ మంత్రి రాతలాగే ఫైలులో మిగిలిపోతుంది. ఇక శాఖ కార్యదర్శి ఫైలులో అభ్యంతరం రాస్తే కొందరు మంత్రులు అవమానంగా భావిస్తారు. నా దృష్టిలో ఆ నోటే వారికి రక్షణ, ఎందుకంటే అభ్యంతరానికి కారణాలతో జవాబు రాసి తీసుకున్న నిర్ణయం కోర్టులో నిలబడే అవకాశం ఎక్కువ.

డబ్బుతో ముడిపడిన విషయమైతే ఆర్థిక శాఖను సంప్రదించకుండా ముందుకు వెళ్లడానికి వీల్లేదు. ఈ భవనం మీద "ప్రభుత్వ పని దేవుడి పని" అని కన్నడంలో చెక్కి ఉంది. దేవుడి పనికైనా ఆర్థిక శాఖ సమ్మతి తప్పదు మరి!

కర్ణాటక ప్రభుత్వ శక్తి పథకాన్ని చూడండి. 2023 జూన్ 2న మంత్రివర్గం నిర్ణయించింది, జూన్ 11న మహిళలకు బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఏ బస్సులు, ఏ గుర్తింపు కార్డులు అన్న వివరాలన్నీ ఆ మధ్యలోనే ఉత్తర్వులోకి ఎక్కవలసి వచ్చింది. ఆంధ్ర చిరునామా ఉన్న ఆధార్‌తో బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో బస్సెక్కిన మన అక్కచెల్లెళ్లు టికెట్ కొనవలసి రావడం, కర్ణాటక వాసులకే ఉచితమని నిబంధనల్లో ఉన్నందువల్లనే.

సమయం అయిపోవస్తోంది కనుక మిగిలినది క్లుప్తంగా చెబుతాను. ఉత్తర్వు తరువాత బడ్జెట్ కేటాయింపుకు శాసనసభ ఆమోదం కావాలి, ఆ పైన నిధుల విడుదల ఉంటుంది. ఈ పథకం కింద మహిళలకు కండక్టర్లు ఇచ్చే సున్నా టికెట్ల (చార్జీ లేని టికెట్ల) లెక్కను బట్టి ప్రభుత్వం రవాణా సంస్థలకు సొమ్ము చెల్లించాలి. ఆ సొమ్ము ఆలస్యమైతే రవాణా మంత్రి పేషీ మళ్లీ ఆర్థిక శాఖ వెంట పడవలసిందే.