177 ఎపిసోడ్లు చూసేంత సీన్ ఉందా? ది వాకింగ్ డెడ్

[మ్యూజిక్ లేకుండా నేరుగా మాటతోనే మొదలు]

"అంత నెమ్మదిగా నడిచే శవాలకి ఎవడు దొరుకుతాడండీ?"

ది వాకింగ్ డెడ్ అనే అమెరికన్ జాంబీ సీరియల్ పేరెత్తితే చాలు, ఈ ప్రశ్న రెడీగా ఉంటుంది. దాని వెనకే ఇంకోటి: "రెండో సీజన్లో జాంబీలేవీ? అంతా మాటలే కదా." ఈ రెండూ ఒకే పొరపాటులోంచి పుట్టాయి. శవాలే విలన్లనుకుని చూడ్డం మొదలుపెట్టారు. ఓసారి వాటిని వాన అనుకుని చూడండి.

చినుకులకి ఎవరూ చావరు, గొడుగుంటే గడిచిపోతుంది. కానీ ఆ వాన ఏళ్ల తరబడి ఆగకపోతే? పైకప్పు ఎవరిది, కొత్తగా వచ్చినవాణ్ణి లోపలికి రానివ్వాలా, కారే చోట రాత్రంతా ఎవరు మేలుకుని ఉండాలి, గొడవలన్నీ వీటి మీదే. ఈ సీరియల్ ఆ పైకప్పు కథ. ఇందులో వాటిని జాంబీలని కూడా అనరు, వాకర్లంటారు. ఒక్క వాకర్‌ని చిన్నపిల్లాడు కూడా తప్పించుకుంటాడు. నిద్రలేక, నీళ్లులేక, తోటివాడి మీద నమ్మకం లేక ఉన్నప్పుడు ఆ ఒక్కటే చాలు.

[స్క్రీన్ మీద: సీజన్ 2, ఎపిసోడ్ 4]

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక ఫామ్. అక్కడి బావిలో నీళ్లు తాగి ఉబ్బిపోయిన వాకర్ ఒకటి పడి ఉంది. కాల్చేస్తే పోతుంది కదా? పోతుంది, కానీ నెత్తురూ మెదడూ నీళ్లలో కలుస్తాయి, బావి పోతుంది. అందుకని ముందు డబ్బా మాంసం తాడుకి కట్టి దింపుతారు. అది తల కూడా తిప్పదు. దానికి బతికున్న మనిషే కావాలి. దాంతో గ్లెన్ అనే కుర్రాడి నడుముకి తాడు కట్టి ఎరగా దింపుతారు. తాడుకి ఆసరాగా పెట్టుకున్న పాత చేతిపంపు ఊడొస్తుంది, గ్లెన్ దాని నోటి దాకా జారిపోతాడు. ఎలాగో బయటపడతాడు, వాకర్ మెడకి ఉచ్చు కూడా బిగిస్తాడు. అందరూ కలిసి బావి అంచు దాకా లాగుతారు. అక్కడ అది నడుం దగ్గర రెండుగా తెగి, కింది సగం మళ్లీ నీళ్లలో పడుతుంది. ఇంత చేసీ బావి దక్కలేదు.

ఇది మీకు బోర్ కొడితే, మొహమాటపడకండి, ఇక్కడితో ఆపేయొచ్చు. మిగతా ఎపిసోడ్ల బండి కూడా ఇలాంటి వాటి మీదే నడుస్తుంది.

ఇప్పుడొక స్పాయిలర్, వద్దనుకుంటే అర నిమిషం ముందుకి జరపండి. కరిస్తే జ్వరం, ఆ తర్వాత చావు, తలలో పొడిస్తేనే ఆట కట్టు, ఇవన్నీ మీకు తెలిసినవే. రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్లో బయటపడేది వేరు: కరవకపోయినా, ఎలా చచ్చినా, మెదడు చెక్కుచెదరకపోతే చాలు, లేస్తారు. అంటే వాన బయటే లేదు, ఇంటి నేలలోంచి కూడా ఊరుతోంది. నాలుగో సీజన్లో అందరూ జైలు గోడల మధ్య హాయిగా ఉంటారు. ఒక అబ్బాయి మామూలు ఫ్లూ లాంటి జబ్బుతో స్నానాల గదిలో రాత్రి చచ్చిపోతాడు. తెల్లారేలోపు ఒక బ్లాకు మొత్తం వాకర్లతో నిండిపోతుంది. కంచె ఎక్కడా తెగలేదు మరి!

ఇక లెక్క. 2010 అక్టోబర్ 31న మొదలై 2022 నవంబర్ 20న అయిపోయింది. 11 సీజన్లు, దాదాపు 130 గంటలు. అన్నీ చూడాలన్న రూలేమీ లేదు. మొదటి సీజన్ 6 ఎపిసోడ్లే. అవి అయ్యాక రెండో సీజన్ ఏడో ఎపిసోడ్ దాకా వెళ్లండి. అక్కడ ఆ ఫామ్‌లోని కొట్టం తలుపు తెరుచుకునే సీన్ ఉంది. మొత్తం 13 ఎపిసోడ్లు. ఆ సీన్ మిమ్మల్ని కదిలించకపోతే తర్వాతిదేదీ కదిలించదు. మొదటి ఎపిసోడ్ ఒక్కటే చూసి "సూపర్" అనడం, ఫామ్ మొదలవగానే "సాగదీత" అనడం, రెండూ తొందరపాటే.

నా ఓటు మూడు నుంచి ఐదు సీజన్లకి. నాలుగో సీజన్ 14వ ఎపిసోడ్‌లో వాకర్లు పెద్దగా ఏమీ చెయ్యరు. ఇద్దరు అమ్మాయిలు, ఒక పసిపాప, ఇద్దరు పెద్దలు, ఒక ఇల్లు. సీరియల్ మొత్తంలో అంతకన్నా భయపెట్టింది లేదు.

మరి ఎక్కడ చెడింది? ఆరో సీజన్ చివర్లో నీగన్ అనే విలన్ బ్యాట్ ఎత్తుతాడు, దెబ్బ ఎవరి మీద పడిందో చూపించకుండా ఆపేశారు. 2016 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా జనం ఎదురుచూశారు. ఆ ఏడో సీజన్ మొదటి రోజు అమెరికాలో దాదాపు 1.7 కోట్ల మంది చూస్తే, అదే సీజన్ ఆఖరికి దాదాపు 1.13 కోట్లు మిగిలారు. ఆ మొదటి ఎపిసోడ్ హింస నిజంగా దారుణం, పిల్లలున్న గదిలో పెట్టకండి. కానీ దానికి మించిన తప్పు, మనుషుల్ని ఐదు చోట్లకి విడగొట్టి వారానికో చోటు చూపించడం. వారాల పాటు హీరో రిక్ జాడే ఉండదు. అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది, వాన ఆగిపోయింది! వాకర్లు వెనకాల తెర మీద బొమ్మల్లా మిగిలారు. ఇప్పుడు వరసగా చూసేవాళ్లకి ఈ నొప్పి కాస్త తక్కువే, వారం వారం ఆగక్కర్లేదు కాబట్టి.

[టైమ్ చూపించాలి]

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తాను. తొమ్మిదో సీజన్లో రచయిత్రి ఏంజెలా కాంగ్ సీరియల్ పగ్గాలు తీసుకున్నాక వాన మళ్లీ పట్టుకుంది. మొదటి సీజన్ రెండో ఎపిసోడ్ గుర్తుందా? ఒళ్లంతా శవాల పేగులు పూసుకుని గుంపు మధ్యలోంచి నడుస్తుంటే, నిజం వాన కురిసి వాసన కడిగేస్తుంది. ఆ చిట్కానే బతుకుగా మార్చుకున్నవాళ్లు విస్పరర్లు, వాకర్ల చర్మం కప్పుకుని తిరుగుతారు. వానలో తడవకూడదంటే వానలో కలిసిపోవడమే అన్నమాట. వీళ్ల కోసమైనా ఏడు, ఎనిమిది ఓర్చుకోవచ్చు.

ఓపిక లేదంటే తొమ్మిదో సీజన్ ఐదో ఎపిసోడ్ దగ్గర ఆపండి, అది 120వది, రిక్ కథకి అక్కడ తెర పడుతుంది. ఆ తర్వాత 2024లో వచ్చిన కొనసాగింపు సీరియల్ ది వన్స్ హూ లివ్ 6 ఎపిసోడ్లు చూస్తే రిక్, అతను ప్రేమించిన మిషోన్‌ల లెక్క తేలుతుంది. డెడ్ సిటీ అనే ఇంకో కొనసాగింపు మాత్రం అన్నీ అయ్యాకే, ఆ ఫామ్ అమ్మాయి మ్యాగీ నీగన్‌ని అలా ఎందుకు చూస్తుందో తెలియకపోతే అందులో ఏమీ లేదు.

ఇంకొక్క మాట. ఆ బావి ఎపిసోడ్ భోజనం టైములో మాత్రం పెట్టకండి.