కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తుంటే

అందరికీ నమస్కారం.

కాలేజీలో చదివే ఒక అమ్మాయిని వాళ్లమ్మగారు నా దగ్గరికి తీసుకొచ్చారు. "డాక్టరుగారూ, క్లాసులో నిద్రపోతోందట. ఎంత తిట్టినా మారడం లేదు" అన్నారు. ఆ పిల్ల ఏమీ మాట్లాడకుండా బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టింది. పేజీ మొదట్లో అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. నాలుగైదు వరుసలు దాటేసరికి గీత వదిలేసి కిందికి జారాయి. ఆ తర్వాతివి అక్షరాలే కావు, మెలికలు. మనిషి నిద్రలోకి వెళ్లిపోయినా పెన్ను కదులుతూనే ఉంది. "ఇది నేను రాసినట్టు గుర్తే లేదండీ" అంది.

ఆ పేజీ నాకంటే ముందు చూసినవాళ్లంతా దానికి బద్ధకం అని పేరు పెట్టారు. నాకు బాధ కలిగించేది అదే. పగలు ఆపుకోలేనంత నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ అనే ఈ జబ్బు ఎక్కువగా 10 నుంచి 30 ఏళ్ల మధ్య, అంటే చదువుకునే, ఉద్యోగంలో కుదురుకునే వయసులో మొదలవుతుంది. ఫలానా జబ్బని తేలేసరికి చాలామందికి ఏళ్లు గడిచిపోతాయి. అన్నాళ్లూ తిట్లు తింటూనే ఉంటారు.

అలాగని పగలు కునుకు పట్టిన ప్రతివాళ్లూ కంగారు పడక్కర్లేదు. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. రెండు వారాలపాటు పడుకున్న టైము, లేచిన టైము ఒక కాగితం మీద రాసుకోండి. చాలామందికి జవాబు ఆ కాగితంలోనే దొరుకుతుంది. నిద్ర సరిపడా ఉన్నా, మాట్లాడుతూనో తింటూనో పని మధ్యలోనో కళ్లు మూతలు పడుతుంటే మాత్రం డాక్టరును కలవాలి.

తరచుగా కనిపించే కారణం స్లీప్ ఆప్నియా. పెద్దగా గురక పెడుతున్న మనిషి ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతాడు. గొంతులో గాలి దారి మూసుకుపోయింది. కొన్ని సెకన్లకు ఉలిక్కిపడ్డట్టు ఊపిరి లాగి మళ్లీ గురక అందుకుంటాడు. రాత్రంతా ఇదే వరస. పొద్దున అడిగితే హాయిగా పడుకున్నాననే చెబుతాడు. పక్కన పడుకున్నవాళ్లకే అసలు సంగతి తెలుస్తుంది.

కొన్ని అలర్జీ మాత్రలు, పార్కిన్సన్స్‌కు వాడే కొన్ని మందులు కూడా పగటి నిద్ర తెస్తాయి. అనుమానం ఉంటే డాక్టరును అడగండి, మీ అంతట మీరు మానేయకండి.

మళ్లీ నార్కోలెప్సీకి వస్తాను. మెదడులో మనల్ని మెలకువగా నిలబెట్టే ఒరెక్సిన్ అనే పదార్థాన్ని 1998లో కనుక్కున్నారు. నార్కోలెప్సీలో ఒక రకం ఉంది. అందులో ఆ ఒరెక్సిన్ తయారుచేసే కణాలు చాలావరకు నశించిపోతాయి. వీళ్లకు పగలబడి నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోతాయి, దవడ వేలాడిపోతుంది, కొందరు కూలబడతారు. స్పృహ మాత్రం పోదు, చుట్టూ అనే మాటలన్నీ వినిపిస్తూనే ఉంటాయి. దీన్ని క్యాటాప్లెక్సీ అంటారు. చూసినవాళ్లు ఫిట్స్ అనుకుంటారు. అందుకే నవ్వితే కాళ్లు పట్టు తప్పుతున్నాయా అని నేను తప్పకుండా అడుగుతాను.

పరీక్షలకు భయపడకండి, మీరు చేయాల్సిందల్లా నిద్రపోవడమే. ఒక రాత్రి వైర్లు అంటించి ఊపిరి, మెదడు తరంగాలు, ఆక్సిజన్ చూస్తారు. నార్కోలెప్సీ అనుమానం ఉంటే మర్నాడు రెండు గంటలకోసారి, నాలుగైదు సార్లు పడుకోబెడతారు. సగటున 8 నిమిషాల లోపే నిద్ర పట్టేస్తోందా, కలల నిద్ర మరీ త్వరగా వచ్చేస్తోందా అన్నవి చూస్తారు.

అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. ఎంత తట్టినా లేవకపోయినా, మాట ముద్దగా వస్తున్నా, ఒక చెయ్యో కాలో పడిపోయినా, తలకు దెబ్బ తగిలాక మగత కమ్ముతున్నా, అయోమయంగా మాట్లాడినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. షుగర్ మందులు వాడేవాళ్లు మత్తుగా అయిపోతుంటే ముందు షుగర్ చూడండి.

ఇంకో మాట, బతిమాలి చెబుతున్నాను. కారణం తేలేదాకా బండి నడపకండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లు రెప్ప వాలితే బండి 65 మీటర్లు దాటిపోతుంది, నడిపేవాళ్లు లేకుండానే.

డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు ఆ రెండు వారాల కాగితం, వాడుతున్న మందులన్నీ వెంట తెచ్చుకోండి. మీ గదిలో పడుకునేవాళ్లను కూడా తీసుకురండి. కుదరకపోతే గురకను ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చినా చాలు. అలాంటి నోట్‌బుక్ మీ పిల్లల దగ్గర ఉంటే, తిట్టకుండా, దాన్నీ తీసుకురండి.