పై పోర్షను ఎవరికివ్వాలి?

కాలనీ సంక్షేమ సంఘం పెద్దలకు, ఈ మధ్యే మేడమీద పోర్షను వేసుకొని తొలిసారి అద్దెకు ఇవ్వబోతున్న మిత్రులకు నమస్కారం.

హైదరాబాదులో ఇల్లు వెతికేవారికి కొదవ లేదు. అయినా మన వీధుల్లోనే కొన్ని పోర్షన్లు నెలల తరబడి తాళం వేసి ఉంటున్నాయి. చాలాసార్లు దానికి కారణం ఓనర్లమైన మనమే.

ముందు అద్దె సంగతి. ఇంటి అప్పుకు నెలనెలా ఎంత కడుతున్నామో చూసుకొని అద్దె చెబుతాం. వచ్చేవారికి మన వాయిదాతో పనేముంది? పక్క వీధిలో అలాంటి ఇంటికి ఎంత నడుస్తోందో చూస్తారు, అంతే. 18,000 పలికే ఇంటికి 20,000 కావాలని పట్టుబట్టి రెండు నెలలు ఖాళీగా ఉంచారనుకోండి, ఆ ఏడాది చేతికొచ్చేది 2,00,000. మొదటే 18,000కు ఇచ్చి ఉంటే 2,16,000 వచ్చేది. కాలం కూడా చూసుకోవాలి. బడులు తెరిచేది జూన్‌లో కాబట్టి వేసవిలోనే కుటుంబాలు ఇళ్లు వెతుకుతాయి. ఆషాఢంలో కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి చాలామంది ఇష్టపడరు. శ్రావణంలో దిగుతామని అడిగితే, కొంత అడ్వాన్సు తీసుకొని ఆగండి.

పోర్షనుకు వేరే కరెంటు మీటరు పెట్టించండి. ఒకే మీటరు మీద రెండు కుటుంబాలు వాడితే యూనిట్లు పై స్లాబులోకి వెళ్తాయి, ప్రతి నెలా లెక్కల దగ్గర మాటపట్టింపులు వస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఫోను ఎత్తగానే మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "మీరేవిట్లు?" రెండోది, "మాంసం వండుతారా?" మూడోది, "పెళ్లయిందా?" ఈ ప్రశ్నలు నన్ను బాధపెడతాయి. ఉద్యోగం కోసం వరంగల్ నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చిన అమ్మాయి, జీతం ఉండి, అడ్వాన్సు చేతిలో పట్టుకొని గేటు దగ్గరి నుంచే వెనక్కి వెళ్లిపోతోంది. మన పిల్లలూ బెంగళూరులో, పుణేలో ఇలాగే గేట్ల ముందు నిలబడుతున్నారు. కులం తెలిసినంత మాత్రాన అద్దె ఐదో తారీఖున వస్తుందా? కూర వాసన వల్ల గోడ పాడవుతుందా? అడగవలసినవి వేరే ఉన్నాయి. ఎక్కడ పని చేస్తున్నారు, ఎంతమంది ఉంటారు, ఇప్పుడున్న ఇల్లు ఎందుకు మారుతున్నారు? వీలైతే పాత ఓనరుతో ఒక్కసారి మాట్లాడండి. అద్దె వేళకు ఇచ్చారా, ఇల్లు ఎలా ఉంచారు అన్నది ఆయనకు తెలిసినంతగా ఏ బంధువుకూ తెలియదు. మాట్లాడి మీకు కుదిరిందనిపిస్తే ఇచ్చేయండి, ఇంకా మంచివారు వస్తారేమోనని నాన్చకండి.

ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టేవారికి ఒక హెచ్చరిక. సైన్యంలో ఉన్నామని, బదిలీ మీద వస్తున్నామని చెప్పి, ఇల్లు చూడకుండానే అడ్వాన్సు పంపుతామనే మోసగాళ్లు ఉన్నారు. క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. యూపీఐలో మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టనవసరమే లేదు. పిన్ అడిగారంటే పోయేది మన డబ్బే.

మాట కుదిరాక కాగితం రాసుకోండి. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి, అందుకే 11 నెలల ఒప్పందం వాడుకలోకి వచ్చింది. అద్దె, అడ్వాన్సు, మెయింటెనెన్స్, నీళ్ల ఖర్చు, ఏటా ఎంత పెంచుతారు, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, వెళ్లేటప్పుడు రంగుల ఖర్చు ఎవరిది అన్నవన్నీ అందులో ఉండాలి. ఆ చివరి అంశం రాయకపోవడం వల్లే అడ్వాన్సు తిరిగిచ్చేటప్పుడు ఎక్కువ గొడవలు. గుర్తింపు పత్రాల నకళ్లు తీసుకోండి, పోలీసు వారి వెరిఫికేషన్ పూర్తి చేయించండి. తాళాలు ఇచ్చే రోజు గోడలు, కుళాయిలు, స్విచ్చులు, మీటరు రీడింగు ఇద్దరూ కలిసి చూసి ఫొటోలు తీసి, వారి ఫోనుకూ పంపండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.